ఊపిరి దారి వెంట

తెల్లవారుజామున మూడున్నరకి ఆకివీడు దగ్గర ఒక చేపల చెరువు గట్టు మీద నిలబడి ఉన్నాను. ముందురోజే చొల్లంగి అమావాస్య వెళ్లింది. ఆకాశంలో చంద్రుడు లేడు. మబ్బు కమ్మి చుక్కలూ లేవు. గట్టు మీద ఒక పాక, దాని దూలానికి వేలాడే ఒక్క బల్బు. ఆ వెలుగు పడినంత మేర నీళ్లు ఉడుకుతున్నట్టు కదులుతున్నాయి. వంగి చూస్తే అవి చేపల నోళ్లు. వందలకొద్దీ నోళ్లు గుండ్రంగా తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. చప్ చప్‌మని చంటిపిల్లలు వేలు చీకుతున్న చప్పుడు.

"తేలాయి మేడమ్" అన్నాడు చెరువు రైతు. గొంతులో కంగారు దాచుకోలేదు.

అతను ఒకప్పుడు నా దగ్గర ఇంటర్ బైపీసీ చదివిన కుర్రాడు. ఇప్పుడు అతని కూతురే ఇంటర్‌కి వచ్చింది. "క్లాసులో మీరు మొప్పల బొమ్మ గీయించేవారు కదా మేడమ్. అవి ఎంత కష్టపడతాయో చూడాలంటే మబ్బు పట్టిన రోజు మర్నాడు, కోడి కూయకముందు మా చెరువు దగ్గరికి రండి" అని రెండేళ్లుగా పిలుస్తున్నాడు.

ఇరవై ఎనిమిదేళ్లు నేను జంతుశాస్త్రం చెప్పాను. శ్వాసక్రియ పాఠం వచ్చినప్పుడల్లా గోడకి చార్టు తగిలించేదాన్ని. బొద్దింక వాయునాళాలు, చేప మొప్పలు, కప్ప ఊపిరితిత్తులు, పావురం గాలిసంచులు అన్నీ ఒకే సైజులో, గులాబీ నీలం రంగుల్లో పక్కపక్కన ఉండేవి. రిటైరయ్యాక ఆ చార్టు ఇంటికి తెచ్చుకున్నాను. ఒకరోజు దాన్ని చూస్తుంటే ఇందులో పావు వంతు కూడా నేను కళ్లారా చూడలేదని తెలిసొచ్చింది. అందుకే ఈ మూడు రోజుల ప్రయాణం. కొల్లేటి ఒడ్డున మొదలుపెట్టి కోరంగి మడ అడవి మీదుగా కాకినాడ సముద్రం దాకా.

నీళ్లలో ఉండే చేపకి ఊపిరాడకపోవడమేమిటని చాలామంది అడుగుతారు. లీటరు గాలిలో ఆక్సిజన్ సుమారు 210 మిల్లీలీటర్లు ఉంటుంది. లీటరు నీటిలో, అదీ మంచి నీటిలో, ఐదారు మిల్లీలీటర్లకు మించదు. పైగా నీరు గాలికంటే దాదాపు 800 రెట్లు సాంద్రమైనది. మనం పీల్చే గాలిలాగా అది తేలిగ్గా లోపలికి వెళ్లి బయటికి రాదు. అంత బరువైన నీటిని నోటితో తీసుకుని, మొప్పల మీదుగా వెనక్కి తోస్తూ, ఆ కాస్త ఆక్సిజన్ కోసం చేప పుట్టిన దగ్గర్నుంచీ పాటుపడుతూనే ఉంటుంది. నీరు వేడెక్కితే ఆ కాస్తా తగ్గుతుంది. సున్నా డిగ్రీల నీటిలో లీటరుకు 14.6 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడితే, 30 డిగ్రీల నీటిలో ఏడున్నరే పడుతుంది. మన ఎండలకు మన చెరువుల్లో చేప బతకడమే పెద్ద సంగతి.

చెరువు పచ్చగా ఉండాలని రైతు కోరుకుంటాడు. ఆ పచ్చదనం కంటికి కనిపించని పాచిది. పగలు ఎండలో ఆ పాచి ఆక్సిజన్ తయారుచేసి నీటికి ఇస్తుంది. రాత్రయితే అదే పాచి చేపలతో పాటు తనూ ఆక్సిజన్ పీలుస్తుంది. అందుకే నీటిలో ఆక్సిజన్ అడుగంటేది తెల్లవారబోయే ముందే. ముందురోజు మబ్బు పడితే పగటి సంపాదన కూడా ఉండదు. అతను ఆక్సిజన్ కొలిచే మీటరు నీళ్లలో ముంచి బల్బు కిందికి తెచ్చాడు.

"డీఓ రెండు పాయింట్ ఒకటి మేడమ్. నాలుగుంటే హాయిగా పడుకుంటాం. మూడు దిగిందంటే ఇంక నిద్ర లేదు."

ఇంజను స్టార్ట్ చేశారు. మనిషి లావు పైపులోంచి నీళ్లు ఎగిరి చెరువులో పడుతుంటే, పడవ మీద ఇద్దరు కుర్రాళ్లు ఆక్సిజన్ బిళ్లలు చల్లుకుంటూ వెళ్లారు. పక్క చెరువు వెనామీ రొయ్యలది. అక్కడ ఏరేటర్ల రెక్కలు రాత్రంతా నీళ్లు చిలుకుతూనే ఉన్నాయి. రొయ్యకీ మొప్పలే. తల పక్క పెంకు కింద దాగి ఉంటాయి. చిన్న తెడ్డులాంటి అవయవం క్షణం ఆగకుండా కొట్టుకుంటూ ఆ పెంకు కిందికి నీళ్లు లాగుతుంది. మన నెత్తురులో ఆక్సిజన్ మోసేది ఇనుము, అందుకే ఎరుపు. రొయ్యలో ఆ పని రాగి చేస్తుంది. ఆక్సిజన్ పట్టుకున్నప్పుడు దాని నెత్తురు లేత నీలంగా ఉంటుంది. రొయ్యలు తినే ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లం కూడా దాని నెత్తురు చూసి ఉండం, అంత పల్చన.

ఒడ్డుకి చేరి తూలుతున్న శీలావతి ఒకటి దొరికింది. అతను దాన్ని తడి గోనె మీద పెట్టి బొటనవేలితో మొప్ప మూత ఎత్తాడు. టార్చి వేసి చూశాను. ఒకదాని వెనక ఒకటి నాలుగు వంపులు. ఒక్కో వంపుకి దువ్వెన పళ్లలా ఎర్రటి పోగులు. ఒక్కో పోగు మీద మళ్లీ కంటికి ఆనని రేకులు. ఆ రేకుల్లో నెత్తురు ఒకవైపు నుంచి వస్తుంటే, పై నుంచి నీరు దానికి ఎదురు దిశలో పోతుంది. నెత్తురు ఎంత ముందుకు పోతే అంత తాజా నీరు ఎదురవుతుంది. ఈ ఎదురు నడక వల్లే చేప నీటిలోని ఆక్సిజన్‌లో 80 శాతం దాకా లాక్కోగలదు. మనం పీల్చిన గాలిలోని ఆక్సిజన్‌లో పావు వంతు తీసుకుని మిగతాది వదిలేస్తాం. ఈ లెక్క నేను బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో. అరచేతిలో ఆ ఎర్ర దువ్వెన వణుకుతుంటే మాత్రం నోట మాట రాలేదు. నిమిషం గడవకముందే పోగులు తడి జుట్టులా ఒకదానికొకటి అంటుకుపోవడం మొదలైంది. నీటిలో విడివిడిగా తేలే ఆ పోగులు గాలిలో ముద్దయిపోతాయి. అన్ని రేకులున్నా గాలికి తగిలేది పై పొర ఒక్కటే. చుట్టూ నీటిలో కంటే నలభై రెట్లు ఆక్సిజన్ ఉన్నా ఒడ్డున చేప చచ్చిపోయేది అందుకే. "వదిలెయ్యి బాబూ" అన్నాను. వదిలేశాడు.

తెల్లారేదాకా పాక దగ్గరే కూర్చున్నాం. పక్కన పగిలిన తొట్టిలో వాననీరు, నిండా దోమ పిల్లలు. తలకిందులుగా వేలాడుతూ తోక చివరి గొట్టాన్ని నీటి పైకి పెట్టి గాలి పీలుస్తున్నాయి. కీటకాలకు ఊపిరితిత్తులూ లేవు, నెత్తురుతో ఆక్సిజన్ మోయించే అవసరమూ లేదు. ఒంటి పక్కల రంధ్రాలు, వాటినుంచి లోపల ప్రతి మూలకీ పోయే సన్నటి గాలి గొట్టాలు. అదే తొట్టి అడుగున తూనీగ పిల్ల ఒకటి కనిపించింది. అది వెనక ద్వారం గుండా నీళ్లు లోపలికి పీల్చుకుని, పేగు చివర ఉన్న మొప్పలతో ఊపిరి తీసుకుంటుంది. పుల్లతో తాకాను. ఆ నీటినే వెనక్కి చిమ్మి రాకెట్టులా దూసుకుపోయింది. ఊపిరీ పరుగూ దానికి ఒకే ఏర్పాటు.

ఏడున్నరకి మబ్బు విడి ఎండ పడింది. ఎనిమిదింటికి చెరువు మీద ఒక్క నోరు కూడా లేదు. చేపలు అడుగుకి వెళ్లిపోయాయి. అతను అప్పుడు టీ తాగాడు.

*

కైకలూరు వెళ్లే దారిలో రోడ్డు పక్క చేపలమ్మే ఆమె దగ్గర ఆగాను. అల్యూమినియం బేసిన్‌లో బెత్తెడు నీళ్లలో ఆరు కొర్రమీలు. ఆ నీళ్లలో శీలావతి అయితే పది నిమిషాలు బతకదు. ఇవి నిమ్మళంగా పడుకుని, ఉండుండి ఒకటి ముట్టె పైకెత్తి గుటుక్కున గాలి మింగి మళ్లీ కిందికి పోతోంది.

"ఇది గాలి చేపమ్మా. డ్రమ్ములో నీళ్లు నిండుగా పోసి మూత బిగించేస్తే చచ్చిపోద్ది. పైన ఖాళీ ఉంచాల" అంది ఆమె.

నేను చార్టు మీద చెప్పినదానికంటే ఆమె చెప్పింది సూటిగా ఉంది. కొర్రమీనుకి మొప్పలున్నాయి గానీ అవి చాలవు. మొప్పల పైన తలలో ఒక గది ఉంటుంది. దాని గోడలకి నెత్తురు నాళాలు దట్టంగా అల్లుకుని ఉంటాయి. మింగిన గాలి అక్కడ ఆగుతుంది. పైకి రానివ్వకుండా వల కింద బిగిస్తే కొర్రమీను నీటిలోనే ఊపిరాడక చనిపోతుంది. మార్పు చేపకి అదే చోట చిన్న చెట్టు కొమ్మల్లాంటి ఎర్రటి అవయవం ఉంటుంది. ఎండాకాలం నీరు ఇంకి, గుర్రపుడెక్క కింద చీకటిపడి, ఆక్సిజన్ లేకుండా పోయే మడుగుల్లో బతకాల్సి వచ్చిన చేపలివి. మన నేల, మన ఎండ వాటికి ఆ గది కట్టించాయి. కొర్రమీనుని తెలంగాణ తన రాష్ట్ర చేపగా పెట్టుకుంది. తగిన ఎంపిక.

ఆ బేసిన్ ముందు నేను కాస్త ఎక్కువసేపే నిలబడ్డాను. మా నాన్నకి ఉబ్బసం. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మృగశిర కార్తెకి ఆయన్ని చేప మందు కోసం హైదరాబాదు తీసుకెళ్లాం. మా బాబాయి, నేను, అమ్మ. వరసలో నాన్న రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, భుజాలు ఎగరేసి ఊపిరి లాక్కుంటూ నిలబడ్డారు. వేలెడంత కొర్రమీను పిల్ల నోట్లో పసుపు రంగు మందు పెట్టి, ఆ పిల్లని నాన్న గొంతులో వేశారు. "కదులుతోందే అమ్మలూ" అన్నారు నాన్న ఛాతీ పట్టుకుని. చుట్టూ అంత గాలి ఉండి మా నాన్నకు అందడం లేదని, నీళ్లలోంచి తీసిన ఆ చేపపిల్ల మాత్రం గాలి పీల్చగలదని ఆ రోజు నాకు తెలియదు. తెలిసుంటే దాని వైపు ఇంకోలా చూసేదాన్ని. ఉబ్బసంలో గాలికి కొరత ఉండదు. ఊపిరితిత్తులకు వెళ్లే సన్నటి గొట్టాలు వాచి, బిగుసుకుని, దారి ఇరుకైపోతుంది. లోపల విప్పి పరిస్తే 70 చదరపు మీటర్లుండే పొర గాలి కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. నాన్నకి చివరి పదిహేనేళ్లూ ఊరటనిచ్చింది జేబులో పెట్టుకున్న ఇన్‌హేలరే. నేను జంతుశాస్త్రం తీసుకోవడానికి కారణం అడిగితే కాలేజీలో ఏవేవో చెప్పేదాన్ని. అసలు కారణం ఆయన ఎగిరిపడే భుజాలు.

ఆటపాక దగ్గర పడవ ఎక్కాను. కొల్లేరు గురించి అందరికీ తెలిసిందే. 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. 2006లో సరస్సు లోపల తవ్విన చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. ఆ చర్చ ఇంకా నడుస్తూనే ఉంది, ఇక్కడ దాన్ని ఎత్తుకోను. నేను వెళ్లింది గూడబాతుల కోసం. వాటి గూళ్ల కోసం అటవీ శాఖ నీళ్లలో ఇనుప స్టాండ్లు నిలబెట్టింది. మెట్టు మెట్టుకీ గూళ్లే. పిల్లలు తల్లి గొంతు సంచిలోకి తల దూర్చి మేత లాక్కుంటున్నాయి.

ఒక గూడబాతు మా తల మీదుగా వెళ్లింది. అంత భారీ పక్షి, రెక్కల గాలి మొహానికి తగిలింది గానీ రొప్పు వినబడలేదు. పక్షి ఊపిరి మనలా వచ్చిన దారినే వెనక్కి పోదు. ఊపిరితిత్తులకు ముందూ వెనకా గాలిసంచులుంటాయి, చాలా పక్షుల్లో తొమ్మిది. పీల్చిన తాజా గాలి మొదట వెనక సంచుల్లోకి వెళ్తుంది. ఊపిరి వదిలినప్పుడు అది ఊపిరితిత్తుల్లోకి వస్తుంది. మళ్లీ పీల్చినప్పుడు ముందు సంచుల్లోకి, మళ్లీ వదిలినప్పుడు బయటికి. ఒక గుక్కెడు గాలి పక్షి ఒంట్లో ప్రయాణం ముగించడానికి రెండు శ్వాసలు పడుతుంది. పీల్చినా వదిలినా ఊపిరితిత్తుల్లో గాలి ఒకే వైపుకి సాగుతూనే ఉంటుంది. ఎగరడమంటే ఎంత ఖర్చో, దానికి తగ్గ ఏర్పాటిది. గూడబాతుకైతే చర్మం కింద కూడా గాలి బుడగలుంటాయి, అందుకే అంత దేహమూ నీటి మీద బెండులా తేలుతుంది. పక్కనే మోడు మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. నీటిలో మునిగి వేటాడే ఈ పక్షికి ముక్కు రంధ్రాలు మూసుకుపోయి ఉంటాయి. ఊపిరంతా నోటితోనే.

పడవ నడిపే అతను తెడ్డు ఆపి గుర్రపుడెక్క దుబ్బు ఒకటి ఎత్తి వేళ్లు చూపించాడు. "దీని కింద మంచి చేప ఉండదండి. కొర్రమీనూ, మార్పూ ఉంటాయి, అంతే" అన్నాడు. ఉదయం నుంచి నేను విన్న మూడో పాఠం అది. ముగ్గురూ ఒకటే చెప్పారు.

*

మర్నాడు పొద్దున్నే భీమవరంలో బస్సెక్కి పాలకొల్లు, చించినాడ వంతెన, రాజోలు, అమలాపురం, యానాం మీదుగా కోరంగి చేరాను. దారంతా కొబ్బరితోటలు, కాలవలు. కాలవలో మెడదాకా మునిగి ముక్కులు మాత్రం పైకి పెట్టిన గేదెలు. ఎదురు సీట్లో ఒక పిల్లాడు దగ్గుతుంటే వాళ్లమ్మ వీపు రాస్తూ కూర్చుంది.

కోరంగి అభయారణ్యాన్ని 1978లో ప్రకటించారు. 235 చదరపు కిలోమీటర్లు. గోదావరి సముద్రంలో కలిసేచోట తీపి నీరూ ఉప్పు నీరూ రోజుకి రెండుసార్లు తోసుకునే నేల. అమావాస్య వెళ్లి రెండు రోజులే కాబట్టి పోటూ పాటూ రెండూ గట్టిగానే ఉంటాయని లెక్క వేసుకునే వచ్చాను. చెక్క వంతెన మీద నడక మొదలుపెట్టేసరికి ఒంటిగంట. నీరు దిగుతోంది. రెండు దాటేసరికి రెండువైపులా నల్లటి బురద బయటపడింది. బురద నిండా పెన్సిళ్లు గుచ్చినట్టు మడ చెట్ల ఊపిరి వేళ్లు, వేలకు వేలు. ఈ బురదలో గాలి ఆడదు. గుప్పెడు తీసి వాసన చూస్తే కుళ్లిన గుడ్డు కంపు. అందుకే వేళ్లు కిందికి పోవాల్సింది పోయి పైకి వచ్చి, ఒంటి మీది రంధ్రాలతో గాలి తీసుకుంటాయి. నేను వచ్చింది జంతువుల కోసం, అయినా ఈ చెట్లకి నమస్కారం పెట్టకుండా ముందుకు పోలేకపోయాను.

"అమ్మా, అటు చూడండి. కదలకండి" అన్నాడు వెంట వచ్చిన వాచర్.

వేలెడు పొడుగు చేప ఒకటి బురద మీద కూర్చుని ఉంది. చేప కూర్చోవడమనే మాట వాడాల్సి వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు. ముందు రెక్కల మీద ఒళ్లు ఆనించి, కప్ప కళ్లలాంటి కళ్లు నెత్తిన పెట్టుకుని నన్ను చూస్తోంది. పుస్తకాల్లో దాని పేరు మడ్‌స్కిప్పర్. బుగ్గలు పూరించి ఉన్నాయి. ఆ బుగ్గల్లో, మొప్పల గదుల్లో నీరూ గాలీ కలిపి నింపుకుని బయటికి వస్తుంది. అదొక్కటే కాదు, ఒంటి చర్మంతోనూ, నోటి లోపలి పొరతోనూ ఊపిరి తీసుకుంటుంది. చర్మం తడిగా ఉన్నంతసేపే ఆ దారి తెరిచి ఉంటుంది. అందుకే ఐదు నిమిషాలకోసారి అది పక్కకి దొర్లి బురద నీటిలో ఒక వైపు తడుపుకునేది, కాస్సేపటికి రెండో వైపు. కన్ను ఆరితే లోపలికి లాక్కుని కింద ఉన్న తడి గిన్నెలో ముంచి మళ్లీ పైకి తెచ్చేది. సరిగ్గా మనం రెప్ప వేసినట్టే. మోకాళ్లు నొప్పిపెడుతున్నా గంటన్నర అలాగే వంతెన చెక్కల మీద బోర్లా పడుకుని చూశాను. ఇంకో మగది వచ్చింది. ఇద్దరూ వీపు మీద రెక్కలు జెండాల్లా లేపుకుని తలపడ్డారు. ఓడిపోయింది తోకతో బురదని కొట్టి ఒక్క గెంతులో మూడడుగుల అవతల పడింది.

దాని కలుగు బురదలోకి దిగుతుంది. అడుగున గుడ్లు పెట్టే గది. అక్కడ నీటిలో ఆక్సిజన్ ఉండదు కదా, గుడ్లెలా బతుకుతాయి? కొన్ని జాతుల్లో మగ చేప నీరు దిగిన వేళ పైకి వచ్చి, నోటి నిండా గాలి పట్టుకుని, కలుగులోకి దిగి ఆ గదిలో వదులుతుంది. మళ్లీ వస్తుంది, మళ్లీ గుక్కెడు. గుక్కెడు గుక్కెడుగా గది గాలితో నింపుతుంది. నాకు మా అమ్మ గుర్తొచ్చింది. నాన్నకి రాత్రిళ్లు ఆయాసం వస్తే తాటాకు విసనకర్రతో తెల్లవార్లూ విసిరేది.

పక్కన చిన్న పీతలు వందల్లో ఉన్నాయి. మగవాటికి ఒక ముందుకాలు మిగతా ఒళ్లంత పెద్దది, దాన్ని ఊపి పిలుస్తున్నాయి. పీతవీ మొప్పలే, పెంకు లోపల నీరు నిలవ చేసుకుని వాటిని తడిగా ఉంచుకుంటుంది. సంతలో బుట్టలో పీతల నోటి దగ్గర నురగ చూసే ఉంటారు. అది కోపం కాదు. మిగిలిన ఆ కాస్త నీటినీ గాలితో కలిపి మళ్లీ మళ్లీ తిప్పుకుంటోంది, ఊపిరి కోసం. వాచర్ ఒక చోట నీటికుక్కల అడుగుజాడలు చూపించాడు. జంతువులు మాత్రం కనబడలేదు.

నాలుగున్నరకి నీరు మళ్లీ ఎక్కడం మొదలైంది. మన ఊహ ప్రకారం చేపలన్నీ సంబరంగా నీటిలోకి దిగాలి. మడ్‌స్కిప్పర్లు మాత్రం ఒక్కొక్కటిగా మడ వేళ్లు పట్టుకుని పైకి ఎక్కాయి, నీటికి బెత్తెడు పైన.

*

మూడో రోజు తెల్లారుతుండగా కాకినాడ నుంచి ఉప్పాడ వెళ్లే దారిలో ఇసుక మీద నడుస్తున్నాను. దూరం నుంచి బోర్లించిన బాన అనుకున్నాను. తాబేలు. ఆలివ్ రిడ్లే. రెండడుగులు దాటిన డిప్ప, మీద ఎండిన ఉప్పు తెట్టు. చనిపోయి ఒకటి రెండు రోజులై ఉంటుంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఒంటి మీద గాయమేమీ లేదు.

జనవరి నుంచి ఇవి గుడ్లు పెట్టడానికి ఈ తీరానికి వస్తాయి. సముద్రంలో పెరిగి బతికే తాబేలు పీల్చేది గాలే, మనలాగే ఊపిరితిత్తులతో. మనలా ఛాతీ విప్పి పీల్చలేదు, పక్కటెముకలు డిప్పకి అతికిపోయి ఉంటాయి. లోపలి కండరాలతో పేగుల్నీ కడుపునీ ముందుకీ వెనక్కీ జరిపి ఊపిరితిత్తుల్ని నింపుకుంటుంది. ప్రశాంతంగా ఉంటే ఒక్క గుక్కతో అరగంటకి పైగా నీటి అడుగున ఉండగలదు. వలలో చిక్కి పెనుగులాడితే ఆ గుక్క నిమిషాల్లో ఖర్చయిపోతుంది.

పడవ దగ్గర వల సర్దుకుంటున్న పెద్దాయన లేచి వచ్చారు. "ట్రాలు వలలో పడుంటదమ్మా. అది గాలికి పైకి రావాలి కదా. గంటలకొద్దీ లాగుతారు. ఎలా వస్తది?" అన్నారు. ఆయన గొంతులో ఎవరి మీదా నింద లేదు. తువ్వాలు తీసి తాబేలు మొహం మీది ఈగల్ని తోలారు. ఇద్దరం కలిసి గొయ్యి తీసి పాతిపెడదామని చూశాం, తాబేలు బరువు. ఇంకో ఇద్దరు కుర్రాళ్లు వచ్చి పట్టారు.

ట్రాల్ వల కొసకి ముందు వాలుగా ఒక ఇనుప చట్రం, దాని పక్కన వలకి ఒక తలుపు పెట్టొచ్చు. రొయ్యలూ చేపలూ కడ్డీల మధ్య నుంచి వెనక సంచిలోకి పోతాయి. తాబేలు కడ్డీలకి తగిలి, వాటి మీదుగా జారి, తలుపు తోసుకుని బయటపడుతుంది. దీన్నే టెడ్ అంటారు. మన వలలకూ మన చేపలకూ సరిపోయేలా కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ ఒక నమూనా తయారుచేసింది. ఇది సరిగా అమలు కావడం లేదనే 2019లో అమెరికా మన సముద్రపు రొయ్యని కొనడం ఆపింది. ఆ నష్టం ఎవరిదో ఈ తీరం వాళ్లకి నేను చెప్పనక్కర్లేదు. బిగించిన టెడ్ తలుపుల్ని కూడా కొన్నిచోట్ల, చేప జారిపోతుందని, తాడుతో కుట్టేస్తున్నారని ఆ పెద్దాయనే చెప్పారు.

ట్రాలు పడవల యజమానులకీ, సరంగులకీ నాదొక్క మనవి. రాత్రి చెరువు తేలితే రైతు ఇంజను వేస్తాడు. చేపలమ్మే ఆమె డ్రమ్ములో పైన బెత్తెడు ఖాళీ ఉంచుతుంది. మీ వలలో ఆ తలుపు కూడా అంతే. దయచేసి దాన్ని కుట్టేయకండి.